తూచని ఐదు ముక్కలు

పెళ్లయిన ముప్పై ఎనిమిదో రోజున ఆషాఢం వచ్చింది. నన్ను శ్రీకాకుళంలో మా అమ్మ దగ్గరికి పంపేశారు. నెల్లాళ్లపాటు అత్తాకోడళ్లు ఒకే గడప తొక్కకూడదు, అల్లుడు అత్తవారింటి వైపు రాకూడదు. కొత్తవలసలో గూడ్సు బండికి అసిస్టెంట్ లోకో పైలట్‌గా పనిచేసే మా ఆయన గిరిబాబు ఈ నియమాన్ని రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు ఫోన్ చేసి, "గడప తొక్కకూడదన్నారు గానీ ఒసే, ప్లాట్‌ఫారం తొక్కకూడదని ఎవులన్నారు?" అన్నాడు.

అలా గురువారాలు మా ఇద్దరివీ అయ్యాయి. ఆ రోజు అతనికి రెస్టు. నేను ఆమదాలవలసలో బండెక్కేదాన్ని, అతను కొత్తవలసలో ఎక్కేవాడు. ఇద్దరం విజయనగరంలో దిగి ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద గంటసేపు కూర్చునేవాళ్లం. చిన్నచిన్న వాటికే నాకు సంతోషం పొంగుకొస్తుంది. అతను స్టీలు క్యారియర్‌లో పనస తొనలు తెచ్చేవాడు. పిక్కలు తీసి, తొనలు నా చేతిలో పెట్టి, పిక్కల్ని మాత్రం రుమాల్లో మూటగట్టుకునేవాడు. "అమ్మ పులుసులో ఏస్తాది. ఇరవై రెండున్నాయి, ఒక్కటి తగ్గినా ఊరుకోనంది" అనేవాడు. అంటే మా బెంచీ సంగతి అత్తగారు తవిటమ్మకు తెలుసన్నమాట! ఆ ఇరవై రెండు పిక్కల్ని తలుచుకుని ఇంటికి చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

మూడో గురువారం అతని చేతిలో క్యారియర్ లేదు.

"మావయ్య వచ్చీసినాడు గోవా నుంచి" అన్నాడు కూర్చుంటూనే.

"హరిబాబు మావయ్యా? సెలవు పెట్టాడా? నాతో అనలేదే!"

"సెలవు కాదు. పంపీసినారు."

హరిబాబు మావయ్య మా అత్తగారి తమ్ముడు. సముద్రం ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో పని నేర్చుకుని, అక్కడి నుంచి గోవాలో నేను పనిచేసే మంచు ప్రయోగశాలకు వెళ్లాడు (నేను పెళ్లికని పెట్టిన పొడవు సెలవులో ఉన్నాను). అంటార్కిటికా నుంచి తెచ్చిన మంచును దాచే చల్లని గది పదిహేనేళ్లుగా ఆయన చేతిలోనే ఉంది. కాంట్రాక్టు ఉద్యోగమే, ఏటేటా పొడిగిస్తారు. మా పెళ్లి కుదిర్చింది కూడా ఆయనే. "అప్పా, పిల్ల మనూరిదే. సేతిలో తూకం తప్పదు" అని అక్కతో, అంటే మా అత్తగారితో, చెప్పాడట. పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు ఆ మాట ఎవరో చెబితే సిగ్గుతో, సంతోషంతో తలంబ్రాలు ఒలకబోసుకున్నాను.

"ఎందుకు పంపారు బావా?"

"మంచు కరగబెట్టీసినాడంట. ఏప్రిల్లో ఓ పూట చలి మిషను ఆగింది గదా, అప్పుడు. మావయ్యేమో గదిలో వేడి మైనస్ పదహారు దాటలేదని రిజిస్టర్లో రాసినాడు. అది అబద్ధం రాతంటన్నారు."

"ఎందుకలా అంటున్నారు?"

"మొన్న ఏదో మిషన్లో ఎట్టి సూస్తే ముక్కల్లో గాజు పొరలు కనిపించినాయంట. ఫిబ్రవరిలో తూసినప్పుడు ఆ పొరలు లేవు. మధ్యలో కరిగి మళ్లీ గడ్డ కట్టకపోతే పొరెలాగొచ్చింది, అని అడిగినారంట. సంచుల నంబర్లు కూడా సెప్పినాడు... ముప్పై ఏడు కాడి నుంచి నలభై ఒకటి దాకా." అతను నా మొహంలోకి చూశాడు. "ఏటలాగైపోనావు? నీళ్లు తెత్తానా?"

ఫిబ్రవరిలో ఆ ముక్కల్ని తూచాల్సింది నేను. నేను తూచలేదు.

మా పని ఏమిటో చెప్పకపోతే ఇది అర్థం కాదు. అంటార్కిటికాలో మంచు కురుస్తుంది, కరగదు. ఏటికేడు ఒక దాని మీద ఒకటి పడుతూనే ఉంటుంది. ట్రంకుపెట్టెలో చీరలు పేర్చినట్టే. పై చీర పొంగి మెత్తగా ఉంటుంది, అడుగునున్న పట్టుచీర పైవాటి బరువుకి అణిగి పలక అయిపోతుంది. అడుగుకి వెళ్లేకొద్దీ మంచు చిక్కబడుతుంది, బరువెక్కుతుంది. ఆ మంచులోకి గొట్టం దింపి కడ్డీలా బయటికి తీస్తారు. మా దగ్గరున్న కడ్డీ ఎనభై మీటర్లది. దాన్ని అరమీటరు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ ఒక సంచిలో పెట్టి, నంబరు వేసి, పైవైపు ఎటో బాణం గుర్తు పెట్టి ఓడలో పంపారు. మొత్తం నూట అరవై సంచులు.

నేను చేయాల్సిన పని ఇది. ముక్క పొడవు, వ్యాసం కొలవాలి. తూకం వేయాలి. ఆ రెండిటి నుంచి చిక్కదనం లెక్కకట్టాలి. తర్వాత కింద దీపం వెలిగే గాజుబల్ల మీద దాన్ని పెట్టి పొరలు చూడాలి. మామూలు పొరలు సన్నగా, పాలతెలుపులో గీతల్లా ఉంటాయి. ఎప్పుడైనా అక్కడి వేసవి మరీ వేడెక్కితే పైమంచు కాస్త కరిగి, కిందికి ఇంకి, మళ్లీ గడ్డకడుతుంది. అది గాజులా తేటగా కనిపిస్తుంది. అలాంటిది ఎక్కడుంటే అక్కడ స్కేలు పెట్టి రాయాలి. ఏ సంవత్సరం ఎంత మంచు పడింది, ఏ వేసవి వేడెక్కింది అన్నది ఇంత పెద్ద దేశంలో ఆ కడ్డీ గురించి మొదట చెప్పేది నేనే. ఉద్యోగంలో చేరిన రోజు ఇది తలుచుకుని గాల్లో తేలిపోయాను.

ఫిబ్రవరిలో ఒక రోజుకి ముప్పై ఆరో సంచి దాకా పూర్తయింది. ఆ రోజుకి గిడ్డంగి నుంచి దింపించినవాటిలో ఇంకో ఐదు మిగిలాయి. మధ్యాహ్నం మూడు గంటలకి ఫోన్ మోగింది.

"మీ గేటు ముందరున్నాను" అన్నాడు గిరిబాబు.

సంబంధం అప్పటికి ఖాయమైంది, ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు. నన్ను చూడాలని రెండు రోజులు బండిలో కూర్చుని వచ్చాడట, ఎవరికీ చెప్పకుండా. తిరుగు బండి ఆరింటికి. మూడు గంటల సమయం! ఒక్కో ముక్కకి ఇరవై నిమిషాలు పడుతుంది. ఐదింటికీ గంటా నలభై నిమిషాలు. హరిబాబు మావయ్య (అప్పటికి హరిబాబు గారు) తలుపు దగ్గర తోపుడు బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు, తూచిన ముక్కల్ని మళ్లీ అరల్లో పెట్టడానికి.

"అయిపోనాయా అమ్మీ?"

"అయిపోయాయండీ" అన్నాను.

విప్పని ఐదు సంచుల్ని బండి మీద పెట్టి పరుగెత్తాను. కనురెప్పల మీద ఇంకా మంచు ఉందని గిరిబాబు నవ్వాడు. తన వేలితో తుడిచాడు. ఆ తర్వాత ఆ మాట అతను ఎందరితో చెప్పాడో లెక్కలేదు. పెళ్లిలో, కొత్తవలస స్టేషన్లో, బండి డ్రైవర్లందరితో, "నా పెళ్లాం కనురెప్పల మీద మంచుతో పరుగెత్తుకొచ్చింది" అని.

అది ఒక పూట తప్పు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మర్నాడు ఆ ఐదింటినీ మళ్లీ దింపమని హరిబాబు గారిని అడగవచ్చు. అడిగితే నిన్న అయిపోయాయన్నది అబద్ధమని తెలుస్తుంది. అందుకని అడగలేదు. నలభై రెండో సంచి తూచాను. ముప్పై ఆరులో చిక్కదనం ఘనమీటరుకి 561 కిలోలు, నలభై రెండులో 580. మధ్యలో ఐదు గడులు ఖాళీగా ఉన్నాయి. అడుగుకి వెళ్లేకొద్దీ పెరగాలి కదా, పెంచుకుంటూ పోయాను. 564, 567, 570, 573, 576. మరీ తిన్నగా ఉంటే అనుమానం వస్తుందేమోనని వాటిలో నాలుగు అంకెల్ని కాస్త అటూ ఇటూ జరిపాను. 563, 569, 570, 572, 577. పక్కన పొరల గడిలో "గాజు పొరలు లేవు" అని ఐదుసార్లు రాశాను.

ఆ నాలుగు అంకెల్ని జరిపిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది. తొందరలో పడి చేశానని దేనికైనా చెప్పుకోవచ్చు. దానికి చెప్పుకోలేను. అప్పుడు నాకు ఏ తొందరా లేదు. పక్కన టీ ఉంది. తాగుతూ చేశాను.

ఇంకొకటి ఉంది. ఆషాఢంలో పుట్టింటికి వచ్చిన నాలుగో రోజు అమ్మ నాకు రెండు చేతులకీ మణికట్టు దాకా గోరింటాకు పెట్టింది. అప్పుడే మా ప్రాజెక్టు పెద్ద చూడామణి మేడమ్ దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "ఝాన్సీ, 37 నుంచి 41 దాకా ఫిబ్రవరిలో గాజు పొరలు లేవని నీకు కచ్చితంగా తెలుసా? బల్ల మీద పెట్టి చూశావు కదా?" ఎందుకు అడుగుతున్నారో రాయలేదు. నేనూ అడగలేదు. చేతులు ఖాళీ లేవు కాబట్టి ముక్కుతో టైపు చేశాను. "చూశాను మేడమ్, లేవు" అని. చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను. ముక్కుతో టైపు చేయడం చూసి అమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ మాట పట్టుకునే మావయ్యను పంపేశారు.

బెంచీ మీద గిరిబాబు నా చేయి పట్టుకున్నాడు. "మావయ్య అన్నం తింటం లేదు. నువ్వంటే మేడమ్‌కి గురి. ఒక్క మాట సెప్పవా ఆవిడికి? పదిహేనేళ్లలో ఒక్క ముక్క పాడు సెయ్యలేదని?"

"చెప్తాను" అన్నాను.

బండి వచ్చింది. ఎక్కాను. అతను కిటికీ దగ్గర నిలబడి నవ్వడానికి ప్రయత్నించాడు. నిజం చెప్పడానికి నాకు గంట సమయం దొరికింది, చెప్పలేదు. నెల్లిమర్ల దాటాక, చీపురుపల్లి దాటాక, పొందూరు దాటాక, ప్రతి చోటా ఇప్పుడు ఫోన్ చేస్తాననుకున్నాను. ఇంటికెళ్లి లాప్‌టాప్ తెరిచి ఆ వరుసలు చూశాను. 563, 569, 570, 572, 577. ఎంత బాగా అతికాయో! నేనే తూచి ఉంటే కూడా అంత నమ్మేలా ఉండవు.

మర్నాడు పొద్దున్న స్నానం చేసి చీర కట్టుకుంటుంటే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కొత్తవలసా? ఆషాడంలో అత్తోరి గడప తొక్కుతావేటే? తెలిసే అంటన్నావా?"

"గడప తొక్కను. బయటి నుంచి చెప్పి వచ్చేస్తాను."

"పోన్లో సెప్పరాదేటి?"

"ఫోన్లో మేడమ్‌కి ఇప్పటికే ఒకసారి చెప్పానమ్మా. అందుకే వెళ్తున్నాను."

కొత్తవలసలో మా అత్తగారి ఇల్లు రైలు గేటుకి దగ్గర్లో, ఇరుకు సందులో ఉంటుంది. పదింటికే ఎండ చుర్రుమంటోంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. అత్తగారు వాకిట్లో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట వదిలేసి లేచింది.

"ఓలమ్మ! ఆగు, ఆగాగు! కాలెట్టకు! ఏటైంది? మీ అమ్మ బాగున్నాదా?"

"బాగుంది అత్తమ్మా. మావయ్యతో మాట్లాడాలి. లోపలికి రాను."

"ఎండలో నిలబెట్టి మాటాడిత్తానేటే, కొత్త కోడల్ని!" గొణుక్కుంటూ లోపలికెళ్లి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, గేటు మీదుగా నాకందించింది. నేను దాన్ని సందులో వేసుకుని కూర్చున్నాను.

కుళాయి దగ్గర నుంచి ఎదురింటి గున్నమ్మ కేకేసింది. "కొత్త పెళ్లికూతురికి ఈదిలో కుర్సీ యేటి తవిటీ? గొడవలాడుకున్నారేటి?"

"గొడవేటి, నీ మొకం! ఆషాడవు గదా! నీ బిందె నిండిపోతంది సూసుకో!"

గున్నమ్మ బిందె తీసి పక్కన పెట్టింది గానీ ఇంటికి వెళ్లలేదు. ఇంకో ఇద్దరు కూడా వెళ్లలేదు.

హరిబాబు మావయ్య బయటికొచ్చాడు. లుంగీ, బనియను. ఈ కొద్ది రోజుల్లో గడ్డం తెల్లగా పెరిగింది. నన్ను చూసి మొహం విప్పారింది. వచ్చి గేటు లోపల అరుగు మీద కూర్చున్నాడు. మా ఇద్దరి మధ్యా గేటు కడ్డీలున్నాయి.

"ఇంతెండలో ఎందుకొచ్చినావమ్మీ? నాను బాగానే ఉన్నాను. గిరిగాడు ఏదో సెప్పుంటాడు." తల దించుకున్నాడు. "నీ మొకం సూడ్డానికే నాకు సిగ్గుగా ఉన్నాది. నువ్వు అంత కట్టపడి తూసిన ముక్కలు నా సేతిలో పాడైపోనాయి."

నేను వంద రకాలుగా మొదలుపెట్టాలనుకుని వచ్చాను. అవేవీ రాలేదు.

"నేను తూచలేదు మావయ్యా."

"ఏటి?"

"ఆ ఐదు ముక్కలూ తూచలేదు. సంచి విప్పలేదు. బల్ల మీద పెట్టలేదు. అయిపోయాయని మీతో అబద్ధం చెప్పాను. మర్నాడు అంకెలు ఊహించి రాశాను. పొరలు లేవని రాశాను. మేడమ్ అడిగితే మళ్లీ అదే చెప్పాను. ఏప్రిల్లో ఏమీ కరగలేదు. ఆ పొరలు ముందు నుంచీ ఉన్నవే."

కుళాయి దగ్గర ఎవరో నీళ్లు కట్టేశారు. అంతవరకూ ఆ చప్పుడు వస్తోందని నాకు తెలియలేదు.

మావయ్య గేటు కడ్డీ పట్టుకున్నాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. వచ్చి ఉంటే తేలికయ్యేది.

"నాను ఒప్పీసుకున్నాను" అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా. "కాయితం మీద సంతకం ఎట్టీసినాను. చలి తగ్గలేదని నా కళ్లతో సూసి రాసినాను రిజిస్టర్లో. అయినా గానీ రోజూ ఆలోసించాను. ఆ అమ్మి తప్పు తూయదు. ఆ అమ్మి పొరలు లేవందంటే లేవు. మరైతే నాను సూసిందే తప్పయ్యుంటాది, కునుకు పట్టుంటాది, అంకె సరిగ్గా కనిపించుండదు. అలగనుకుని ఎట్టీసినాను. నా రాత నాకే అబద్ధంలా అవుపడ్డాది."

అత్తగారు ఒకసారి తమ్ముడి వైపు, ఒకసారి నా వైపు చూసింది. "ఇదేటిరా, నాకు తెల్దు. మంచే గదా! తూస్తే ఏటి, తూయకపోతే ఏటి?"

"అప్పా, అంగన్‌వాడీలో పిల్లని తూయకండా బరువు రాసీసినారనుకో. పిల్ల బాగానే ఉన్నాదని అందరూ ఊరుకున్నారు. తరవాత పిల్ల సిక్కిపోయిందని తెలిసి, తల్లి పాలియ్యలేదని తల్లిని తిట్టినారు. అదీ ఇసయం."

అత్తగారికి అర్థమైంది. ఆవిడ మొహం మారడం నేను చూశాను. గున్నమ్మ "అయ్యో అయ్యో" అంది, నా కోసమో, ఆ తల్లి కోసమో.

గిరిబాబు లోపలి నుంచి ఎప్పుడు వచ్చాడో, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డ్యూటీకి వెళ్లడానికి సగం బట్టలు వేసుకున్నాడు.

"ఏ రోజది?" అన్నాడు.

నేను తలెత్తలేదు. "నువ్వు గోవా వచ్చిన రోజు."

అతను చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. పైన ఒకటి తప్పు కాజాలో పడింది. దాన్ని సరిచేసుకోలేదు.

"మేడమ్‌కి సెప్పినావా?" అని మావయ్య అడిగాడు.

"ముందు మీకు చెప్పాలని వచ్చాను."

"ఇప్పుడు సెప్పు. ఇక్కడే. నాను ఇనాల."

సందులో కుర్చీలో కూర్చుని, స్పీకరు పెట్టి ఫోన్ చేశాను. చూడామణి మేడమ్‌ది విజయనగరమే, ఇంట్లో అందరూ సంగీతం చెప్పుకునేవాళ్లు. గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. నేను చెప్పేదంతా విన్నారు. తర్వాత ఒక్కో ప్రశ్నా అడిగారు.

"అంటే ముక్కలు బల్ల మీదికి రానేలేదు."

"రాలేదు మేడమ్."

"మరి 'గాజు పొరలు లేవు' అని ఐదుసార్లు రాశావు."

"రాశాను."

"పోయిన నెల నేను అడిగినప్పుడు?"

"అదీ అబద్ధమే మేడమ్."

రైలు గేటు పడినట్టుంది, ఇనుపరాయి గూడ్సు ఒకటి వెళ్లిపోయే దాకా అందరం అలాగే ఉన్నాం. అంత చప్పుడులోనూ మేడమ్ ఫోన్ పెట్టేయలేదు.

"ముప్పై ఏళ్ల కిందట అక్కడ ఒక వేసవి బాగా వేడెక్కింది, ఝాన్సీ" అన్నారు తర్వాత. "కడ్డీ మొత్తం మీద అంత పెద్ద పొర ఇంకొకటి లేదు. ఇంకోలా తెలిసి ఉంటే ఈ మాటకి నేను గంతులేసేదాన్ని. పాడైపోయిన మంచనుకుని ఆ భాగం పక్కన పడేయమన్నాను. రేపు పారబోసేవాళ్లు. హరిబాబు గారు ఉన్నారా అక్కడ?"

మావయ్య లేచి నిలబడ్డాడు, ఆవిడ ఎదురుగా ఉన్నట్టు. "ఉన్నాను మేడమ్."

"మీ రిజిస్టర్ నమ్మకుండా ఆ అమ్మాయి అంకెలు నమ్మాను. తప్పు నాది. మీరు సంతకం పెట్టిన ఉత్తరం చింపేస్తాను. మీరు వచ్చేయండి."

"సింపొద్దు మేడమ్. దాని పక్కన ఈ అమ్మి ఉత్తరం కూడా ఎట్టండి. రెండూ ఉండాల."

"అలాగే. ఝాన్సీ, ఇప్పుడే నాకు మెయిల్ రాయి. ఇంతే చెప్పు, ఆ ఐదేనా?"

"ఐదే మేడమ్. ఒట్టు."

"నువ్వు ఇప్పుడు ఐదే అంటే నేను ఎలా నమ్మేది?" కోప్పడలేదు. నిజంగానే అడిగారు. "నూట అరవై సంచులూ మళ్లీ తూయించాలి. పరిశోధన పత్రం మీద నీ పేరు ఉండదు. విచారణ కమిటీ చెప్పేదాకా నువ్వు చల్లని గదిలోకి రావద్దు."

ఫోన్ ఆగిపోయింది. మావయ్య లోపలికి వెళ్లాడు. నా వైపు చూడలేదు. ట్రంకుపెట్టె లాగుతున్న చప్పుడు వినిపించింది.

అత్తగారు స్టీలు గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి గేటు మీదుగా ఇచ్చింది. "తాగు. తాగి ఎల్లు. శ్రావణం వచ్చినాక మాటాడుకుందాం" అంది. ఆ మాటలో ఏముందో తెలుసుకోవాలని ఆవిడ మొహం చూశాను. ఆవిడ గ్లాసు వైపే చూస్తోంది. ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. నేను కుర్చీ మడిచి ఇవ్వబోయాను. అది మడిచే కుర్చీ కాదు. కుళాయి దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు.

స్టేషను దాకా గిరిబాబు వచ్చాడు. మొదటిసారి మేమిద్దరం పక్కపక్కన నడుస్తూ ఏమీ మాట్లాడుకోలేదు. టికెట్టు తీసి ఇచ్చాక అన్నాడు, "ఆ రోజు నాను పోన్ చెయ్యకపోనా, బండి ముందరెక్కకపోనా..."

అలా అననిస్తే నాకు సులువే. తప్పులో సగం అతను మోస్తాడు. కొత్త పెళ్లికొడుకు కదా, సంతోషంగానే మోస్తాడు. ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది కూడా.

"కాదు బావా. ఆ రోజు నువ్వున్నావు, మర్నాడు లేవు. నేను అంకెలు రాసింది మర్నాడు."

అతను తల ఊపాడు. నా చేయి పట్టుకోలేదు. బండి కదిలేదాకా మాత్రం అక్కడే నిలబడ్డాడు.

కిటికీ పక్కన చోటు దొరికింది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మేడమ్‌కి మెయిల్ మొదలుపెట్టాను. ఏ రోజు ఏం చేశానో ఒక్కొక్కటీ రాశాను. నాలుగు అంకెల్ని జరిపిన సంగతి రాయకపోయినా ఎవరికీ తెలిసే అవకాశం లేదు. అదీ రాశాను. తర్వాత పట్టిక తెరిచి ఐదు గడుల్లో అంకెలు తీసేసి "తూచలేదు" అని పెట్టాను. పొరల గడుల్లో "చూడలేదు" అని పెట్టాను. పంపేద్దామనుకుని, మేడమ్ అడిగింది గుర్తొచ్చి ఆగాను. నువ్వు ఐదే అంటే ఎలా నమ్మేది? మొదటి సంచి నుంచి ఒక్కో వరుసా చదవడం మొదలుపెట్టాను. చదువుతూ ఆ రోజు గదిలో ఎవరున్నారు, నా చేతి తొడుగు ఏది, తూకం ఎలా ఆగింది, అన్నీ గుర్తు చేసుకున్నాను. డెబ్బై, డెబ్బై ఐదు, ఎనభై. అన్నీ తూచినవే. మనసు కాస్త కుదుటపడుతోంది.

ఎనభై రెండు దగ్గర ఆగిపోయాను.

ఎనభై రెండు, ఎనభై మూడు. రెండింటికీ వ్యాసం ఒకటే ఉంది, ఎనభై ఒకటిదీ అదే. ఆ రోజు వ్యాసం కొలిచే పరికరంలో బ్యాటరీ చలికి చచ్చిపోయింది. ఎలాగూ గొట్టం ఒకటే కదా అని పై ముక్కది దించేశాను. తూకం వేశాను, పొరలు చూశాను, అది మాత్రం కొలవలేదు. ఫిబ్రవరిలో ఇది నాకు తప్పుగానే తోచలేదు. ఇందాక అంతమంది ముందు "ఐదే, ఒట్టు" అన్నప్పుడు కూడా గుర్తు రాలేదు.

విజయనగరంలో బండి ఆగింది. మా బెంచీ మీద ఎవరో అరటిగెల పెట్టుకుని కూర్చున్నారు. నేను మావయ్యకు ఫోన్ చేశాను. ఎత్తడేమో అనుకున్నాను, ఎత్తాడు.

"మావయ్యా, ఐదు కాదు. ఎనభై రెండూ ఎనభై మూడూ కూడా. తూచాను గానీ వ్యాసం కొలవలేదు. పై ముక్కది రాసేశాను."

అవతల ట్రంకుపెట్టె మూత వేసిన చప్పుడైంది.

"రాసీ" అన్నాడు.

"మేడమ్ ఇంక నన్ను ఎప్పటికీ నమ్మరు."

"నమ్మరు. నువ్వు రాసీ." పనిలో ఉన్నప్పటి గొంతుతో అన్నాడు. "ఇంకేటైనా గుర్తొస్తే బేగి సెప్పు. నాను రేపు బండెక్కుతన్నాను. అరల్లోంచి సంచులు దింపేది నానే. ఏది ముందర దింపాలో నాకు తెలియాల."

బండి కదిలింది. రెండు గడులూ సరిచేసి, మెయిల్లో ఇంకో పేరా చేర్చాను. పంపలేదు ఇంకా. ఎనభై నాలుగో వరుస మీద వేలు పెట్టి, ఆ రోజు ఏం చేశానో గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాను.